కొత్త ఎక్స్‌టెన్షన్ల మీద పైసలు పెట్టొచ్చా, డాట్ కామ్, డాట్ ఇన్ దగ్గరే ఆగాలా?

బత్తాయి_తోట (నల్లగొండ)

అందరికి నమస్తే. 30,000 రూపాయల్లో డొమైన్ పేర్లు కొని, రెండు మూడేండ్లు పెట్టుకొని అమ్మే ఆలోచన గురించి అడుగుతున్న. రిజిస్ట్రార్ల (డొమైన్ పేర్లు అమ్మే కంపెనీల) సైట్లల్ల డాట్ షాప్, డాట్ ఆన్‌లైన్, డాట్ స్టోర్, డాట్ ఎక్స్‌వైజెడ్ లాంటి కొత్త ఎక్స్‌టెన్షన్లు (పేరు చివర చుక్క తర్వాత వచ్చే మాటలు) మొదటి ఏడాదికి 99, 149, 199 అని పెడుతున్నరు. డాట్ కామ్ అయితే వెయ్యి దాటుతున్నది, అందులో మంచి పేరు ఒక్కటి ఖాళీ లేదు. ఒక్క డాట్ కామ్ పైసలకు ఏడెనిమిది కొత్తవి వస్తయి. మన దిక్కు పేర్లే తీసుకొని (బత్తాయి, పోచంపల్లి, సాగర్, రైస్‌మిల్లు, పాలమూరు పల్లి) కొత్త ఎక్స్‌టెన్షన్లల్ల ఒక వంద పట్టుకుంటే ఎట్లుంటది? లెక్కతోని చెప్పున్రి.

పానగల్లు_చెరువు (నల్లగొండ)

తమ్మీ, మొదటి ఏడాది ధర చూడకు. రెండో ఏడాది ధర చూడు. నువ్వు అడిగిన దానికి సగం జవాబు అక్కడ్నే ఉన్నది.

వంద పేర్లు, ఒక్కోటి 150 అనుకో. 15,000. దాని మీద 18 శాతం జీఎస్‌టీ 2,700. మొత్తం 17,700. నీ 30,000ల ఇంకా మిగిలినట్టే కనబడతది. ఏడాది తిరిగేసరికి రెన్యూవల్ ఒక్కోటి 2,800 ఉందనుకో (రిజిస్ట్రార్‌ను బట్టి ఎక్కువ తక్కువ ఉంటది, గానీ డిస్కౌంట్ ఎక్స్‌టెన్షన్లల్ల ఈ మాదిరి తేడా మామూలే). 2,80,000, జీఎస్‌టీతోని 3,30,400. అది కట్టలేక తొంబై పేర్లు వదిలేస్తవు. వదిలేసిన పేరు మీద పెట్టిందంతా పోయినట్టే.

ఇప్పుడు అమ్మకం లెక్క. పేర్లు కొని పెట్టుకునేటోళ్ళ దగ్గర ఏడాదిల వందకు ఒకటో రెండో అమ్ముడుపోతయనేది ఈ పనిల ఉన్నోళ్ళు మామూలుగ వేసుకునే అంచనా. అది కూడ ఏరి కొన్న డాట్ కామ్‌లకు. ఒక్క అమ్మకానికి సగటున ఎంత వస్తే నష్టం లేకుండ బయటపడతవో ఇట్ల చూసుకో: ఏడాది రెన్యూవల్‌ను అమ్ముడుపోయే రేటుతోని భాగించు, వచ్చినదాన్ని కమిషన్ పోను చేతికొచ్చే వంతుతోని మళ్ళ భాగించు.

డాట్ కామ్: రెన్యూవల్ 1,200, జీఎస్‌టీతోని 1,416. వందకు ఒకటి అంటే 1,41,600. అమ్మకం సైటు కమిషన్ 15 శాతం పోతే సుమారు 1,66,600 పలకాలె.
2,800 రెన్యూవల్ ఉన్న కొత్తది: జీఎస్‌టీతోని 3,304. అదే లెక్కల సుమారు 3,88,700 పలకాలె.

అంటే కొత్త ఎక్స్‌టెన్షన్ పేరు డాట్ కామ్ కంటె రెండింతల పైన పలికితేనే రెండు లెక్కలూ ఒక్క కాడ ఉంటయి. పలికేది మాత్రం ఉల్టా.

పాలమూరు_పల్లి (మహబూబ్‌నగర్)

అన్నా, లెక్క బాగనే ఉన్నది గానీ ఒక్క దిక్కే చూస్తున్నవు. అన్ని కొత్త ఎక్స్‌టెన్షన్లు ఒక్క గాటన కట్టొద్దు. 2015ల గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్ ఏబీసీ డాట్ ఎక్స్‌వైజెడ్ మీదనే వచ్చింది. హోమ్ డాట్ లోన్స్ 2019ల 5 లక్షల డాలర్లకు పోయింది. వెకేషన్ డాట్ రెంటల్స్ అంతకు ముందు ఏడాది 5 లక్షల పైన పలికింది. చుక్కకు ఇటు అటు ఉన్న రెండు మాటలు కలిసి ఒక్క అర్థం ఇస్తే కొనేటోడు ఉన్నడు. డాట్ కామ్ కూడ 1985ల కొత్తదే కద.

వనపర్తి_కోట (వనపర్తి)

ఆ రెండు అమ్మకాలూ నిజమే. కానీ ఆ తరహా పేరు మామూలు ధరకు ఎవరికి దొరుకుతుందో కూడా చూడాలి. 'హోమ్', 'రెంట్', 'లోన్' లాంటి మాటలను రిజిస్ట్రీలు (ఎక్స్‌టెన్షన్లను నడిపే సంస్థలు) మొదటి రోజు నుంచే ప్రీమియం, అంటే ఎక్కువ ధర, జాబితాలో పెట్టుకుంటాయి. అంటే బంగారు మాటలు రిజిస్ట్రీ తన గల్లాలోనే ఉంచుకుని, మిగిలినవి మనకు 149కి ఇస్తుంది. ఖాళీగా కనిపించిన పేరు అంటే రిజిస్ట్రీ కూడా పెద్దగా విలువ కట్టని పేరు అన్నమాట. 1990లలో డాట్ కామ్ కొన్నవాళ్ళకు ఈ అడ్డు లేదు, మంచి మాటైనా చెత్త మాటైనా ఒకటే ధర.

ఇంకో పెద్ద తేడా ఒప్పందంలో ఉంది, దీన్ని చాలామంది చదవరు.

డాట్ కామ్‌ను నడిపే వెరిసైన్ హోల్‌సేల్ ధరను ఇష్టమొచ్చినట్టు పెంచలేదు. అమెరికా ప్రభుత్వంతో ఉన్న ఒప్పందం ప్రకారం ఆరేళ్ళ గడువులో చివరి నాలుగేళ్ళే పెంచుకోవచ్చు, అదీ ఏడాదికి 7 శాతం మించకుండా. 7.85 డాలర్ల దగ్గర ఉన్నది అలా నాలుగుసార్లు పెరిగి 2024 సెప్టెంబరులో 10.26కు చేరింది. ఎంత పెరగవచ్చో ముందే లెక్క కట్టుకోవచ్చు.

డొమైన్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థ 2012లో దరఖాస్తులు తీసుకున్న విడతలో వచ్చిన కొత్త ఎక్స్‌టెన్షన్లకు పరిమితే లేదు. రెన్యూవల్ ధర పెంచే ముందు రిజిస్ట్రీ 180 రోజుల నోటీసు ఇవ్వాలి, అంతే. ఆ నోటీసు మీకు రాదు, రిజిస్ట్రార్‌కు వస్తుంది. రిజిస్ట్రార్ మీకు పంపే మెయిల్ ప్రచార మెయిళ్ళ మధ్య పడిపోతుంది. 2017లో యూనిరిజిస్ట్రీ అనే రిజిస్ట్రీ తన ఎక్స్‌టెన్షన్లలో కొన్నింటి ధరలు ఎన్నో రెట్లు పెంచింది. డాట్ హోస్టింగ్ పేర్లు పెట్టుకున్నవాళ్ళకు ఏడాదికి పదుల డాలర్లు కట్టేది వందల్లోకి పోయింది. నియమం ఉల్లంఘించిందా అంటే లేదు, ఒప్పందం ఒప్పుకుంటుంది.

నోటీసు చేతికొస్తే చేయగలిగింది ఒకటే: పెంపు అమల్లోకి రాకముందే పాత ధరకు గరిష్ఠంగా పదేళ్ళ దాకా రెన్యూ చేసుకోవడం. సొంత వ్యాపారానికి వాడే పేరైతే తప్పకుండా చేయండి. వంద పేర్లకు పదేళ్ళు ముందే కట్టే మాట ఎలాగూ లేదు.

పాతవన్నీ భద్రమని కూడా నేననను. డాట్ ఆర్గ్ మీద ధర పరిమితిని 2019లో తీసేశారు.

పానగల్లు_చెరువు

కోట గారు చెప్పిన 'ప్రీమియం' ఇంకో కాడ కూడ దెబ్బ కొడతది. కొన్ని ప్రీమియం పేర్లకు మొదటి ఏడాదే ఎక్కువ, తర్వాత మామూలు రెన్యూవల్. కొన్నింటికి ప్రతి ఏడాది ప్రీమియమే. 20,000కు కొన్న పేరుకు ఏటా 20,000 కట్టాలంటే అది కిరాయి లెక్క, ఆస్తి కాదు. అట్లాంటి పేరును ఇంకొకడు కొనాలన్నా ఆ కిరాయి వాని నెత్తినే పడతది, అందుకని బేరం నీ దగ్గరనే ఆగుతది. కార్ట్‌ల వేసినంక 'రెన్యూవల్ ధర' అని సన్న అక్షరాల్ల ఉంటది. అది కనబడనిస్తలేదంటే ఆ రిజిస్ట్రార్ దగ్గర కొనకు.

కృష్ణ_ఎడమగట్టు (మిర్యాలగూడ)

నాది మెయిల్, సర్వర్ల దిక్కు నుంచి జవాబు. కొనేటాయన ఆ పేరును రేపు వాడుకోవాలె కదా, వాడేటప్పుడు ఏమయితదో అదే ధరను నిలబెడతది.

మొదటిది, ఫారాలు. పాత వెబ్‌సైట్లల్ల ఈమెయిల్ సరిచూసే కోడ్, చివరి చుక్క తర్వాత రెండు నుంచి నాలుగు అక్షరాలే ఒప్పుకునేటట్టు రాసి ఉంటది. డాట్ ఆన్‌లైన్ ఆరు అక్షరాలు, డాట్ స్టోర్ ఐదు. 'సరైన ఈమెయిల్ ఇవ్వండి' అని తిప్పికొడతది. తప్పు ఎక్స్‌టెన్షన్‌ది కాదు, ఆ సైటుది, కానీ ఇబ్బంది పడేది మన దుకాణం ఆయన.

రెండోది, స్పామ్. 99 రూపాయలకు అమ్మితే మంచోళ్ళకంటే ముందు మోసం చేసేటోళ్ళే వేలల్ల కొంటరు. వారం వాడి పారేస్తరు. అందుకనే కొన్ని కంపెనీల మెయిల్ సర్వర్లల్ల డాట్ టాప్ లాంటి ఎక్స్‌టెన్షన్ మొత్తాన్నే ఆపేసే నియమం పెడుతున్నరు. స్పామ్ మీద నిఘా పెట్టే స్పామ్‌హాస్ సంస్థ ఎక్స్‌టెన్షన్లవారీగ దుర్వినియోగం లెక్కలు పెడతది, కొనే ముందు ఆ జాబితాల మీ ఎక్స్‌టెన్షన్ ఎక్కడున్నదో చూడున్రి. మెయిల్ నిజంగ మన దగ్గర్నుంచే వచ్చిందని చూపే ఎస్‌పీఎఫ్, డీకేఐఎమ్, డీమార్క్ మూడు రికార్డులు సరిగ్గ పెట్టినా ఎక్స్‌టెన్షన్ పేరు చెడితే మెయిల్ స్పామ్ డబ్బాలకే పోయే అవకాశం ఉంటది.

ఉచితం సంగతి ఇంకా ఘోరం. డాట్ టీకే, డాట్ ఎమ్ఎల్, డాట్ జీఏ పేర్లు ఫ్రీనామ్ ఉచితంగ ఇచ్చేది. మోసపు సైట్ల మీద 2023ల మెటా దావా వేసింది, అదే ఏడాది కొత్త రిజిస్ట్రేషన్లు ఆగినయి, 2024ల సంస్థ ఆ వ్యాపారం నుంచే తప్పుకున్నది.

మూడోది, చెవికి వినబడే తీరు. ఫోన్ల 'సాగర్ రైస్ డాట్ స్టోర్' అని చెప్తే, ఎదుటాయన 'సాగర్ రైస్ స్టోర్ డాట్ కామ్' అని కొడతడు. అలవాటు అట్లున్నది. ఆ డాట్ కామ్ ఇంకొకరి దగ్గర ఉంటే మీ ఆర్డర్ మెయిల్ వాళ్ళకు పోతది. బోర్డు మీద, బియ్యం సంచి మీద అచ్చు వేసేటప్పుడు దీన్ని ముందే చూసుకోవాలె. సంచులు అచ్చయినంక దిద్దేది లేదు.

గూగుల్ల వెనుక పడతదా అని అడుగుతరు. పడదు. కొత్త ఎక్స్‌టెన్షన్లను వేరే జనరిక్ (ఏ దేశానిదీ కాని, డాట్ కామ్ లాంటి) ఎక్స్‌టెన్షన్ల లెక్కనే చూస్తమని గూగుల్ 2015లనే చెప్పింది. ఎక్స్‌టెన్షన్ల కీవర్డ్ (జనం వెతికే మాట) ఉన్నందుకు లాభం లేదు, నష్టం లేదు. డాట్ ఇన్‌కు మాత్రం ఇది భారతదేశం సైటు అనే సంకేతం ఉంటది. డాట్ యాప్, డాట్ డెవ్ తీసుకునేటోళ్ళకు ఇంకో మాట: అవి హెచ్‌టీటీపీఎస్ (భద్రమైన కనెక్షన్) లేకుంటే బ్రౌజర్ల తెరుచుకోవు, సర్టిఫికెట్ పెట్టినంకనే సైటు కనబడతది.

పాలమూరు_పల్లి

డాట్ ఏఐ సంగతేంది మరి? దాని మీద లక్షలు పెడుతున్నరు.

వనపర్తి_కోట

డాట్ ఏఐ కొత్త ఎక్స్‌టెన్షన్ కాదు, ఆంగ్విల్లా అనే చిన్న దీవి దేశ కోడ్. డాట్ ఐఓ బ్రిటిష్ హిందూ మహాసముద్ర ప్రాంతానిది, డాట్ కో కొలంబియాది. వీటికి నిజంగా కొనేవాళ్ళున్నారు, నేను కాదనను. చిక్కులు రెండు. డాట్ ఏఐకి కనీసం రెండేళ్ళకు ఒకేసారి కట్టాలి, ఏడాది చూసి వదిలేద్దామంటే కుదరదు. మీ 30,000లో మూడు నాలుగు పేర్లు కూడా కష్టం. రెండోది, దేశ కోడ్ భవిష్యత్తు ఆ దేశం చేతిలో ఉంటుంది. డాట్ ఐఓ ప్రాంతమైన చాగోస్ దీవులను మారిషస్‌కు అప్పగించే ఒప్పందం మీద 2025 మేలో బ్రిటన్ సంతకం చేసింది. దేశ కోడ్‌ల అంతర్జాతీయ జాబితా (ఐఎస్ఓ 3166) నుంచి ఒక కోడ్ పోతే దాని ఎక్స్‌టెన్షన్‌కు విరమణ ప్రక్రియ మొదలవుతుంది, మామూలుగా ఐదేళ్ళ గడువుతో. డాట్ ఐఓ రేపే పోతుందని అనడం లేదు. కానీ పదేళ్ళకు పెట్టుబడి పెట్టేవాళ్ళు ఆ ప్రశ్న వేసుకోవాలి.

గద్వాల_అంచు (గద్వాల)

మొదటి పోస్టులో 'పోచంపల్లి' అన్న మాట చూసి రాస్తున్నాను. ఎక్స్‌టెన్షన్ ఏదైనా సరే, ఆ పేరు అమ్మకానికి కొనకండి.

పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. గద్వాల చీరలకూ, నారాయణపేట చీరలకూ ఉంది. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో వచ్చింది. ఆ పేరు మగ్గం మీద కూర్చునే వాళ్ళందరిదీ. దాన్ని కొని, నేత సంఘానికే ఎక్కువ ధరకు అమ్మజూపడం చట్టప్రకారం ప్రమాదం, న్యాయప్రకారం తప్పు. అమ్ముదామనే ఉద్దేశంతో హక్కుదారుకు బేరం పెట్టడాన్నే వివాద నియమాలు దురుద్దేశానికి రుజువుగా చూస్తాయి.

డాట్ కామ్ మీద ఫిర్యాదు యూడీఆర్‌పీ అనే వివాద నియమాల కింద పోతుంది, డాట్ ఇన్ మీద ఐఎన్‌డీఆర్‌పీ అనే నియమాల కింద, డాట్ ఇన్‌ను నడిపే నిక్సీ నియమించే మధ్యవర్తి దగ్గరకు. 2012 విడత కొత్త ఎక్స్‌టెన్షన్లకు యూడీఆర్‌పీతో పాటు యూఆర్‌ఎస్ అనే వేగవంతమైన దారి కూడా ఉంది. అందులో హక్కుదారు తక్కువ ఖర్చుతో మీ పేరును నిలిపివేయించగలరు. అంటే ఈ విషయంలో కొత్తది కొన్నవాళ్ళకే ముప్పు ఎక్కువ.

కొనే ముందు చూడాల్సినవి: ఐపీ ఇండియా సైటులో ట్రేడ్‌మార్క్ వెతుకులాట (బట్టకు 24, 25 తరగతులు, బియ్యానికి 30, తాజా పండ్లకు 31), తర్వాత చెన్నైలోని భౌగోళిక గుర్తింపుల రిజిస్ట్రీ జాబితా. మాట ఒకే అక్షరక్రమంతో కాకుండా వినికిడికి దగ్గరగా ఉన్నవి కూడా వెతకండి. పావుగంట పని.

మీకు నిజంగా చీరల దుకాణం ఉండి, సొంత పేరు మీద డాట్ షాప్ తీసుకోవాలంటే అది వేరే సంగతి. వాడుకోవడానికి కొత్త ఎక్స్‌టెన్షన్ తీసుకోవడం తప్పేమీ కాదు.

బత్తాయి_తోట

పోచంపల్లి తీసేసిన, అంచు గారూ. ఆ కోణం ఆలోచించలేదు. మరి ఊరు పేరు, పంట పేరు కలిపి డాట్ కామ్‌ల, డాట్ ఇన్‌ల వెతికితే? స్పెల్లింగ్ దగ్గర ఆగిపోతున్న.

కృష్ణ_ఎడమగట్టు

మన ఊర్ల పేర్లకు ఇంగ్లీషుల ఒక్క రూపం లేదు, ఇది పెద్ద సమస్య. నల్లగొండకు 'ఎల్' ఒకటి రాసేటోళ్ళు ఎక్కువ, పలుకుబడి చూసి రెండు రాసేటోళ్ళు ఉన్నరు. మహబూబ్‌నగర్‌ల 'హెచ్' తర్వాత 'ఏ' పెట్టేటోళ్ళు, పెట్టనోళ్ళు. మిర్యాలగూడల 'ఎల్' తర్వాత అదే తకరారు. పాలమూరు చివర 'యూ' ఒకటా, 'ఓ' రెండా. బత్తాయికి అయితే నాలుగు తీర్ల రాస్తరు. ఒక్క రూపం కొంటే పక్క రూపం ఇంకొకరు కొంటరు, కొనేటాయన రెండూ కావాలంటడు.

గూగుల్ మ్యాప్స్ల దుకాణాల బోర్డులు ఎట్ల రాస్తున్నయో ఇరవై ముప్పై చూడున్రి. ఏ రూపం ఎక్కువ ఉన్నదో అదే తీసుకోవాలె. రెండో రూపం కూడ కొనాల్సి వస్తే ఆ పేరే వదిలెయ్యున్రి. జిల్లా పేరు కంటే ఊరు పేరు నయం: 2016ల జిల్లాలు విడిపోయినంక పాత జిల్లా పేరుతోని ఉన్న పేర్లకు పరిధి చిన్నగయింది.

నకిరేకల్_దారి

తెలుగు అక్షరాలల్లనే పేరు పెట్టి డాట్ భారత్ తీసుకుంటే ఈ స్పెల్లింగ్ గోల ఉండదు కద?

కృష్ణ_ఎడమగట్టు

స్పెల్లింగ్ గోల ఉండదు, నిజం. తెలుగుల డాట్ భారత్ ఉన్నది, నిక్సీ నడిపేదే. వాడుకకు సంతోషంగ తీసుకోవచ్చు, మన లిపిల మన పేరు ఉండాలె. కానీ అమ్మకానికి ఇప్పుడు కొనేటోళ్ళు దాదాపు లేరు. లోపల అది 'ఎక్స్ఎన్' తోని మొదలయ్యే ఇంగ్లీషు అక్షరాల వరుసగ మారుతది, ఆ వరుస 63 అక్షరాలు దాటొద్దు కాబట్టి పొడుగు పేర్లు పట్టవు. ఈమెయిల్ దగ్గర చాలా సర్వర్లు ఇంకా ఒప్పుకోవు. ర, ల, జ లాంటి అక్షరాలు కన్నడంల దాదాపు అదే రూపంల ఉంటయి కాబట్టి, రెండు లిపులు కలిపిన పేరును బ్రౌజర్లు అనుమానంగ చూసి ఆ ఎక్స్ఎన్ వరుసనే చూపిస్తయి. సైటుకు ఇది, మెయిల్‌కు ఒక డాట్ ఇన్, రెండూ పెట్టుకోవాలె.

పాలమూరు_పల్లి

సరే అన్నా, వంద పేర్ల మాట నేను ఒప్పుకున్న. ఒక్కటి మాత్రం అడుగుత. డాట్ ఇన్ మీద ధర పరిమితి ఉన్నదా? అది కూడ రిజిస్ట్రీ ఇష్టమే కద. అట్లయితే డాట్ ఇన్ ఎందుకు మేలు?

వనపర్తి_కోట

సరైన ప్రశ్న. డాట్ కామ్‌కు ఉన్నలాంటి ఒప్పందపు పరిమితి డాట్ ఇన్‌కు లేదు. మేలు వేరే చోట ఉంది. నడిపేది నిక్సీ, లాభాపేక్ష లేని సంస్థ. 2005లో అందరికీ తెరిచినప్పటి నుంచి దేశంలో అలవాటైన పేరు. కిరాణా దుకాణం ఆయనకు కూడా చెప్పక్కర్లేదు. బ్యాంకుల సంగతే చూడండి: నకిలీ సైట్లను అరికట్టడానికి రిజర్వ్ బ్యాంకు 2025లో బ్యాంకులన్నింటినీ డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌కు మారమంది, గడువు అక్టోబరు 31. ఆ పేర్లు ఇచ్చే రిజిస్ట్రార్ హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ అనే సంస్థ. డాట్ బ్యాంక్ అనే కొత్త ఎక్స్‌టెన్షన్ బయట ఉండగానే, నమ్మకం కోసం డాట్ ఇన్ కిందికి తెచ్చారు.

డాట్ ఇన్‌లో రెండు జాగ్రత్తలు. యజమాని వివరాలు దాచే ప్రైవసీ సేవకు అనుమతి లేదు. పేరు, చిరునామా నిజమైనవే ఇవ్వాలి, ధ్రువీకరణ అడిగినప్పుడు ఇవ్వకపోతే పేరు ఆగిపోతుంది.

ఇంకోటి, సరఫరా. 2012 విడతలో 1,930 దరఖాస్తులు వచ్చాయి, 1,200కు పైగా ఎక్స్‌టెన్షన్లు ఇంటర్నెట్‌లోకి వచ్చాయి. తర్వాతి విడతకు ఐకాన్ 2026 ఏప్రిల్ 30 నుంచి ఆగస్టు 12 దాకా గడువు పెట్టింది, ఒక్కో దరఖాస్తుకు 2,27,000 డాలర్లు. 'బత్తాయి' డాట్ షాప్‌లో దొరక్కపోతే డాట్ స్టోర్‌లో, డాట్ మార్కెట్‌లో దొరుకుతుంది. మీ దగ్గరే కొనాల్సిన అవసరం ఎవరికీ లేదు. ఆ పేరుకు డాట్ కామ్ మాత్రం ఒక్కటే.

పానగల్లు_చెరువు

కోట గారి మాటకు ఒకటి కలుపుత. చేతిల పైసలు అత్యవసరమైతే మంచి డాట్ కామ్‌ను ఇంకో డొమైన్ వ్యాపారికి తక్కువకైనా అమ్మొచ్చు, వాళ్ళ మధ్యల బేరం నడుస్తది. కొత్త ఎక్స్‌టెన్షన్లకు ఆ అడుగు ధర లేదు. వాడుకునేటోడు వస్తేనే అమ్మకం.

తమ్మీ, నీ 30,000కు నేనైతే ఇట్ల పెడత. డాట్ ఇన్ పది, 700 చొప్పున 7,000. డాట్ కామ్ ఐదు, 1,200 చొప్పున 6,000. జీఎస్‌టీ 2,340 కలిపి 15,340. మిగిలిన 14,660 ముట్టకు, అది రెండో ఏడాది రెన్యూవల్‌కు. ఇంచుమించు సరిపోతది. కొత్త ఎక్స్‌టెన్షన్ తీసుకోవాలనే ఉంటే ఒక్కటే తీసుకో, చుక్కకు ఇటు అటు కలిపి చదివితే మన జిల్లాల రోజూ మాట్లాడే మాట అయ్యేది, రెన్యూవల్ 1,500 లోపు ఉండేది.

పదిహేను పేర్లకు వందకు ఒకటి లెక్కన ఏండ్లు పట్టొచ్చు. అందుకని ఒక్కో పేరుకు పరీక్ష పెట్టు: ఆ పేరునే పొడుగు చేసి, మధ్యల గీత పెట్టి, లేకుంటే చివర అంకె వేసి వాడుతున్న వ్యాపారాలు కనీసం పది ఉన్నయా? లేకుంటే కొనకు. డొమైన్ అమ్మకాల ధరలు చూపే నేమ్‌బయో సైటుల అదే మాటతోని పాత అమ్మకాలు చూడు, ఎక్స్‌టెన్షన్ల వారీగ విడదీసి. వెబ్ ఆర్కైవ్‌ల పేరు పాత చరిత్ర చూడు. జూదం, స్పామ్ నడిచిన పేరైతే వద్దు.

బత్తాయి_తోట

పదిహేను పేర్లే. అర్థమైంది అన్నా. ఇప్పటికే 99కి తీసుకున్న కొత్తవి ఉంటే ఎట్ల వదిలించుకోవాలె? రెన్యూవల్ దానంతటదే కట్ కాకుండ?

వనపర్తి_కోట

ఖాతాలో ఆటో రెన్యూవల్ ఆపేయండి. ఒక్కో పేరుకు వేరుగా ఉంటుంది, ఖాతా మొత్తానికి ఒకే మీట అనుకోవద్దు. ఆపాక కార్డు లేదా యూపీఐ ఆటోపే అనుమతి కూడా తీసేయండి. గడువుకు ముందే చేయండి, కొందరు రిజిస్ట్రార్లు గడువుకు కొన్ని రోజుల ముందే వసూలు చేస్తారు.

గడువు దాటాక రిజిస్ట్రార్‌ను బట్టి 45 రోజుల దాకా మామూలు ధరకు తిరిగి తీసుకోవచ్చు. ఆ తర్వాత 30 రోజుల రిడెంప్షన్ (విడిపించుకునే గడువు), అందులో అదనపు రుసుము పడుతుంది. తర్వాత ఐదు రోజుల తొలగింపు దశ, అప్పుడు ఎవరూ ఏమీ చేయలేరు. ఆరో రోజు పేరు ఖాళీ. రిడెంప్షన్‌లో ఉండగా 'మీ పేరు పోతోంది' అని వచ్చే మెయిళ్ళకు భయపడి కట్టొద్దు. అమ్మేద్దామనుకుంటే మాత్రం ఇంకా గడువులో ఉండగానే ప్రయత్నించండి. కొని 60 రోజులు కాకపోతే వేరే రిజిస్ట్రార్‌కు మారదు, అదే రిజిస్ట్రార్ దగ్గర కొనేవాళ్ళ ఖాతాలోకి నెట్టడం చాలాచోట్ల కుదురుతుంది. డబ్బు ఎస్క్రోలో (రెండు పక్షాల మధ్య డబ్బు పట్టి ఉంచే సేవలో) పడ్డాకే నెట్టండి.

కృష్ణ_ఎడమగట్టు

వదిలే పేరు మీద ఈమెయిల్ పెట్టుకొని ఏదన్న ఖాతా తెరిచి ఉంటే, ముందు ఆ ఖాతాలల్ల ఈమెయిల్ మార్చున్రి. పేరు ఖాళీ అయినంక ఇంకొకరు కొని, అదే చిరునామా మళ్ళ తయారుచేసి, 'పాస్‌వర్డ్ మర్చిపోయిన' అని కొడితే లింకు వాళ్ళకే పోతది. బ్యాంకు, జీఎస్‌టీ పోర్టల్, హోస్టింగ్ ఖాతా, ఈ మూడు మొదట చూసుకోవాలె.